ప్రాణము నిలిచిన తరువాత: తీవ్ర చికిత్స పొందినవారి మనోవేదన, దాని చరిత్ర

శతవార్షిక సంచికలలో మందిరములు కట్టిన చరిత్ర, సేవచేసి నిద్రించిన గురువుల చరిత్ర, పాఠశాలల, ఆసుపత్రుల చరిత్ర వ్రాయుట వాడుక. అవి వ్రాయదగినవే. అయితే ఆసుపత్రి చరిత్రలో ఒక భాగము మాత్రము ఎవరును వ్రాయరు. మంచముపై పండుకొనిన మనిషి లోలోపల ఏమి అనుభవించినాడు, ఇల్లు చేరిన తరువాత అతని మనస్సు ఎన్నాళ్ళకు కుదుటపడినది అను సంగతి ఏ రిజిస్టరులోను కనబడదు. డిశ్చార్జి కాగితము చేతికి వచ్చుటతో ఫైలు మూతపడును. ఆ మూతపడిన ఫైలు తరువాతి కథయే ఈ వ్యాసమునకు అంశము.

నిజామాబాదు పట్టణములో గాని, బోధను చెరకు ప్రాంతపు పల్లెలలో గాని ఈనాడు ఐ.సి.యు. అను మాట తెలియని ఇల్లు లేదు. గుండెపోటు, పక్షవాతము, పాముకాటు, పురుగుమందు, రోడ్డు ప్రమాదము, ఏదో ఒక కారణమున మన ఇరుగుపొరుగువారు ఆ గాజు తలుపుల వెనుకకు వెళ్ళి వచ్చిన వారే. బ్రదికి వచ్చినందుకు సంతోషించుచున్నాము. కాని వచ్చిన మనిషి రాత్రులు నిద్రపోడు, చీకటికి భయపడును, ఊరకనే కన్నీరు పెట్టును. "అంతా బాగైనది గదా, ఇంక ఏమి లోటు?" అని ఇంటివారు విసుగుకొందురు. లోటు ఉన్నది. దానికి పేరున్నది, కారణములున్నవి, కొంతవరకు చికిత్సయు ఉన్నది.

చరిత్ర చూచినకొలది నాకు స్పష్టమగుచున్న సంగతి ఒక్కటే. రోగిని రక్షించుటకై మనుష్యులనుండి వేరుచేసిన ప్రతి చికిత్సయు, అతనిని మరల మనుష్యులలోనికి చేర్చు బాధ్యతను కూడ వహించవలెను. మొదటి పని వైద్యులు ఎంతో చక్కగా చేయుచున్నారు. రెండవ పనిలో మనకును పాలున్నది.

డిచ్‌పల్లి నేర్పిన పాఠము

ఈ మాటకు సాక్ష్యము దూరదేశములలో వెదకనక్కరలేదు. నిజామాబాదుకు కొద్ది మైళ్ళలోనే డిచ్‌పల్లి ఉన్నది. స్కాట్లాండులో పుట్టి ఆబర్డీను విశ్వవిద్యాలయములో వైద్యము చదివిన డాక్టరు ఇసబెల్ కెర్ అమ్మగారు (1875-1932) తన భర్త రెవరెండు జార్జి కెర్ గారితో 1907లో వెస్లియన్ మెథడిస్టు మిషను సేవకై మన దేశమునకు వచ్చినారు. ఈ ప్రాంతములో కుష్ఠురోగులకు వైద్యమే లేకపోవుట చూచి వారి మనస్సు కరిగినది. హిందువైన దాత రాజా నర్సాగౌడ్ గారి ఉదారతతో 1915లో డిచ్‌పల్లిలో విక్టోరియా కుష్ఠు ఆసుపత్రి వెలసినది. ఆ సేవకు 1923లో కైసర్-ఇ-హింద్ పతకము లభించినది.

మన పల్లెలలో "పెద్దరోగము" అని గొంతు తగ్గించి చెప్పుకొను వ్యాధి అది. ఆ రోజులలో దానికి చెప్పుకొనదగిన మందు హిడ్నోకార్పస్ గింజల నూనె. దానిని సూదితో ఎక్కించుకొనవలెను. నొప్పి కలుగును, కాలము పట్టును. అందుచేత ఆనాటి కుష్ఠు వైద్యులు నూనెతోపాటు మంచి భోజనము, వ్యాయామము, చేతికి పని, ఇవన్నియు చికిత్సలో భాగమే అని పట్టుబట్టినారు. ఏ పనియు లేక మూలన కూర్చున్న రోగికి మందు పూర్తిగా పట్టదని వారు అనుభవముచేత ఎరిగినారు.

తరువాత మందు మారినది. డిచ్‌పల్లిలో పనిచేసిన డాక్టరు జాన్ లో గారే తరువాతి కాలమున నైజీరియాలోని ఉజువాకోలిలో, డాప్సోను మాత్రను నోటిద్వారా చవుకగా ఇవ్వవచ్చునని చూపినవారిలో ముఖ్యులు. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు రెండు మూడు మందులను కలిపి ఇచ్చు పద్ధతిని సిఫారసు చేసినారు. 2005 డిసెంబరు నాటికి మన దేశములో ఈ వ్యాధి పదివేలకు ఒకరికంటె తక్కువకు దిగినది. అయితే కుష్ఠు విడాకులకు కారణమని చెప్పు మాట మన వివాహ చట్టములనుండి తొలగినది ఎప్పుడు? 2019లో! క్రిమి చచ్చుటకు ఒకటి రెండు సంవత్సరముల మందు చాలినది. మనుష్యులు చేరదీయుటకు ఒక తరము పట్టినది. శరీరము బాగుపడిన దినము, మనిషి బాగుపడిన దినము ఒకటి కాదని డిచ్‌పల్లి మనకు నూరేండ్ల క్రిందటనే నేర్పినది.

కుష్ఠు ఆసుపత్రికిని ఐ.సి.యు.కును పోలిక ఏమని కొందరు అడుగవచ్చును. అక్కడ ఎడబాటు సంవత్సరములు, ఇక్కడ దినములు. అక్కడ ఊరు వెలివేసినది, ఇక్కడ ఊరంతయు ఆసుపత్రి వరండాలో కూర్చుండి ప్రార్థించుచున్నది. నిజమే. కాని తలుపునకు లోపలనున్నవాడు వరండాలోనివారిని చూడలేడు. అతనికి తెలిసినది తాను ఒంటరి అని మాత్రమే.

మనిషి చేతి ఊపిరి

ఐ.సి.యు. ఎక్కడ పుట్టినది? దాని కథ డెన్మార్కు రాజధానియైన కోపెన్‌హాగెన్‌లో మొదలైనది. 1952 వేసవిలో ఆ నగరముపై పోలియో విరుచుకుపడినది. ఊపిరితిత్తులను ఆడించు కండరములే చచ్చుబడిన రోగులు, వారిలో అనేకులు పిల్లలు, బ్లెగ్డామ్ ఆసుపత్రికి వచ్చిపడుచుండిరి. ఊపిరి ఆడించు పెద్ద ఇనుప పెట్టె అక్కడ ఒక్కటే ఉండెను. ఛాతీకి తొడుగు చిన్న యంత్రములు ఆరు ఉండెను. ఊపిరి ఆగు స్థితికి వచ్చిన మొదటి 31 మందిలో 27 మంది చనిపోయినారు.

అప్పుడు ఆసుపత్రి పెద్ద డాక్టరు లాసెన్ గారు, మత్తుమందు నిపుణుడైన బ్యోర్న్ ఇబ్సెన్ అను డాక్టరును పిలిపించినారు. ఆగస్టు 27న ఇబ్సెన్ గారి సలహాపై, 12 సంవత్సరముల బాలికకు గొంతు క్రింద చిన్న రంధ్రము చేసి గొట్టము అమర్చినారు. దానికి రబ్బరు సంచి తగిలించి చేతితో నొక్కుచు ఊపిరి ఎక్కించినారు. బాలిక బ్రదికినది. కాని యంత్రములు లేవు. ఆ సంచిని ఎవరు నొక్కవలెను? వైద్య విద్యార్థులను పిలిచినారు. సుమారు 1500 మంది విద్యార్థులు వంతులు వేసికొని, రాత్రింబగళ్ళు, నెలల తరబడి సంచులు నొక్కినారు. ఒక దశలో ఒకే సమయమున 70 మంది రోగులు ఈ విధముగా పరుల చేతులతో ఊపిరి పీల్చుచుండిరి. నూటికి 80కి పైగా ఉన్న మరణములు సగమునకు, ఆపైన ఇంకను తక్కువకు దిగినవి. ఈ అనుభవముతోనే ఇబ్సెన్ గారు 1953 డిసెంబరులో అదే నగరపు మునిసిపల్ ఆసుపత్రిలో తీవ్ర చికిత్సకు ప్రత్యేక విభాగము తెరచినారు. ప్రపంచమందలి మొదటి ఐ.సి.యు. అని సాధారణముగా దానినే చెప్పుదురు.

ఇందులో మనము గమనింపవలసినది ఒకటి ఉన్నది. ఆ పిల్లలకు వచ్చిన ప్రతి ఊపిరితోపాటు ఒక మనిషి ముఖముకూడ వచ్చినది. విద్యార్థులు ఒక చేత సంచి నొక్కుచు, పిల్లలకు కథలు చదివి వినిపించినారు, వారితో ఆటలాడినారు. మాటాడలేని పిల్లవాని కనుచూపునుబట్టి అతనికి ఏమి కావలెనో గ్రహించినారు. ఐ.సి.యు. పుట్టినప్పుడు యంత్రము లేదు, మనిషి ఉన్నాడు.

యంత్రము వచ్చినది, మనిషి ఎడమైనాడు

తరువాతి సంవత్సరములలో వెంటిలేటర్లు వచ్చినవి. అవి అలసిపోవు, నిద్రపోవు. లక్షలాది ప్రాణములు వాటివలన నిలిచినవి. వాటిని నిందించుట కృతఘ్నత. కాని సంచి నొక్కు చేయి పోవుటతో ముఖము కూడ పోయినది. పగలును రాత్రియు ఒకే వెలుతురు, ఆగని గంటల మ్రోత, నోటిలో గొట్టము, నోట మాట లేదు.

1960ల నాటికే అమెరికా వైద్యులు ఒక వింత చూచినారు. గుండె ఆపరేషను చక్కగా జరిగిన రోగులు మూడు నాలుగు దినములకు మతిచెదరినట్లు మాటాడుచుండిరి. 1965లో డాక్టరు కోర్న్‌ఫెల్డు, ఆయన సహచరులు దీనిని గూర్చి ప్రకటించినారు. నిద్రలేమి, ఆ గది వాతావరణము కూడ కారణములని వారు భావించినారు. 1972లో విల్సన్ అను వైద్యుడు రెండు ఐ.సి.యు.లను పోల్చినాడు. ఒకదానికి కిటికీలున్నవి, మరియొకదానికి లేవు. కిటికీలు లేనిచోట మతిచెదరినవారు రెట్టింపునకు మించి ఉండిరి. ఒక్క కిటికీ, ఉదయించు సూర్యుడు, మందుల జాబితాలో లేనివి ఎంత పనిచేయునో చూడుడి.

దీనిని ఇంగ్లీషు వైద్యులు డెలీరియం అందురు. మన పెద్దలు దీనినే సంధి ప్రేలాపన అన్నారు. ఇది పిచ్చి కాదు, దయ్యము కాదు. రక్తములో విషక్రిములు చేరుట, ప్రాణవాయువు తగ్గుట, మత్తుమందులు, నిద్రలేమి, ముసలితనము, ఇవన్నియు కలిసి మెదడును తాత్కాలికముగా కలవరపరచుటయే. రోగి లేనివాటిని చూచును. నర్సులు తనకు విషమిచ్చుచున్నారనుకొనును. కొందరు కేకలు వేయుదురు. కొందరు మౌనముగా ఒక మూలకు చూచుచు పడియుందురు. మౌనముగా ఉన్నవారిని ఎవరును గుర్తింపరు.

నేను పరామర్శింప వెళ్ళినవారిలో షక్కర్‌నగరులో చక్కెర ఫ్యాక్టరీ పని చేసి విరమించిన పెద్దమనిషి ఒకరు ఉండిరి. ఆ నిజాం షుగర్ ఫ్యాక్టరీ 1937లో స్థాపింపబడినది. 2015 డిసెంబరులో మూతపడినది. కాని ఆయన చెవులలో అది మూతపడలేదు. మంచము ప్రక్క యంత్రము కూసినప్పుడెల్ల అది షిఫ్టు కూత అని, తనకు పనికి ఆలస్యమైనదని ఆయన తలంచినారు. లేవబోయినారు. గొట్టము పీకివేయునను భయముతో సిబ్బంది చేతులు కట్టినారు. దొంగలు పట్టి కట్టివేసినారని ఆయన నమ్మినారు. ఇల్లు చేరి రెండు నెలలైనను, ఆ దొంగలు నిజముగా వచ్చినారా లేదా అని ఆయనకు తేలలేదు. ఎవరినైన అడిగిన పిచ్చివాడందురని అడుగలేదు. పెరిగిన ప్రెషర్ కుక్కరు కూతకు ఉలికిపడు తండ్రిని చూచి, గాలి సోకినదేమో అని కొడుకులు అనుకొనుచుండిరి.

ఇట్టివారిని గూర్చి ఇంగ్లండులో క్రిస్టీనా జోన్స్ అను నర్సు, రిచర్డు గ్రిఫిత్స్ అను డాక్టరు 1990ల నుండి పరిశోధించినారు. 2001లో వారు చెప్పిన సంగతి ఆశ్చర్యకరమైనది. ఐ.సి.యు.లోని నొప్పి, గొట్టము, భయము నిజముగా జ్ఞాపకమున్నవారికంటె, నిజమైనది ఏదియు జ్ఞాపకము లేక భ్రమలు మాత్రమే జ్ఞాపకమున్నవారు తరువాత ఎక్కువ బాధపడుచుండిరి. చేదైనను నిజము మనస్సుకు ఒక ఆధారము. భ్రమను పట్టుకొని ఎవరును నిలువలేరు.

2012లో ఈ బాధలన్నిటికి కలిపి వైద్యులు "పోస్ట్ ఇంటెన్సివ్ కేర్ సిండ్రోమ్" అని పేరు పెట్టినారు. శరీర బలహీనత, మతిమరుపు, మనోవేదన మూడును ఇందులో చేరును. రోగి కుటుంబమువారికి కలుగు వేదనకు కూడ అందులో చోటిచ్చినారు. బ్రిటనులో 26 ఐ.సి.యు.లనుండి ఇల్లు చేరినవారిని ప్రశ్నించిన ఫలితము 2018లో వెలువడినది. జవాబిచ్చిన 4943 మందిలో నూటికి 46 మందికి ఆందోళన, 40 మందికి క్రుంగుదల, 22 మందికి జరిగినదే మరల మరల కనులకు కట్టు బాధ లక్షణములు కనబడినవి. కనుక ఇది బలహీనుల సంగతి కాదు, విశ్వాసము చాలనివారి సంగతియు కాదు. ఇంచుమించు ఇద్దరిలో ఒకరి సంగతి.

కోలుకొను మార్గములు

ఈ యిరువది యైదేండ్లలో వైద్యులు నేర్చుకొనినది, ఒక విధముగా చెప్పవలెనన్న, 1952 నాటి మనిషిని మరల మంచము ప్రక్కకు తెచ్చుటయే. 2000లో షికాగో వైద్యులు, ప్రతి ఉదయము మత్తుమందు ఆపి రోగిని మేల్కొల్పినచో వెంటిలేటరుపై ఉండవలసిన దినములు తగ్గునని చూపినారు. 2009లో, వెంటిలేటరుపై ఉండగనే రోగిని కూర్చుండబెట్టి, నిలువబెట్టి, వ్యాయామము చేయించిరి. తమ పనులు తాము చేసికొనగలిగి ఇల్లు చేరినవారు నూటికి 35 నుండి 59కి పెరిగినారు. సంధి ఉండు దినములు సగమునకు తగ్గినవి. డిచ్‌పల్లి కాలపు వైద్యులు ఈ మాట విన్నయెడల నవ్వి ఊరకుందురు.

ఐరోపాలో మరియొక అలవాటు పుట్టినది. రోగి స్పృహలేక పడియున్న దినములలో నర్సులును ఇంటివారును ఒక నోటుపుస్తకములో అతనికై రోజువారీ సంగతులు వ్రాయుదురు. "ఈ దినము జ్వరము తగ్గినది. నీ చెల్లెలు వచ్చినది. బయట వాన పడుచున్నది." ఇల్లు చేరిన తరువాత ఆ పుస్తకము రోగికి ఇత్తురు. 2010లో ఆరు దేశములలో 352 మందితో చేసిన పరీక్షలో, పుస్తకము అందినవారిలో నూటికి 5 మందికి, అందనివారిలో 13 మందికి ఆ తీవ్రమైన మనోబాధ క్రొత్తగా కలిగినది. 2019లో ఫ్రాన్సులో చేసిన పెద్ద పరీక్షలో ఇంత భేదము కనబడలేదు. కాబట్టి పుస్తకము సర్వరోగ నివారిణి అనను. కాని పోయిన దినములను రోగికి తిరిగి ఇచ్చుటలో నష్టమేమియు లేదు.

మనవద్ద వ్రాయు వాడుక తక్కువ, చెప్పు వాడుక ఎక్కువ. పైన చెప్పిన పెద్దమనిషికి ఆయన భార్యయే పుస్తకమైనది. ఏ దినమున ఏమి జరిగినది, చేతులు ఎవరు కట్టినారు, ఎందుకు కట్టినారు, తాను కిటికీ అద్దమునుండి ఎన్ని గంటలకు చూచినది, సాయంత్రము సాయంత్రము కూర్చుండి చెప్పినది. ఆయన అడిగినదే అడిగినారు. ఆమె చెప్పినదే చెప్పినది. కొంతకాలమునకు దొంగలు పోయినారు.

మన ప్రాంతములో

మంజీరపై నిజాంసాగరు 1931లో పూర్తియై ఈ నేలకు చెరకు తెచ్చినది. తీవ్ర చికిత్స మాత్రము చాలా ఆలస్యముగా వచ్చినది. 2005లో 108 అంబులెన్సు, 2007లో ఆరోగ్యశ్రీ ఆరంభమైన తరువాతనే పేద రైతునకు వెంటిలేటరు అందుబాటులోనికి వచ్చినది. 2013లో నిజామాబాదులో ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైనది. అంతకుముందు బీడులోనో బండిలోనో పోయెడి ప్రాణములు ఇప్పుడు నిలుచుచున్నవి. నిలిచిన ప్రాణములు ఎన్ని పెరిగినవో, లోలోపల నలుగు మనస్సులు కూడ అన్ని పెరిగినవి.

2020, 2021 సంవత్సరముల కరోనా కాలము ఈ గాయమును ఇంకను లోతు చేసినది. బంధువులు లోపలికి పోరాదు. నర్సు ముఖము ముసుగులో ఉన్నది. ప్రక్క మంచముపైనున్నవారిని మూటకట్టి తీసికొనిపోవుట కన్నులార చూచి బ్రదికివచ్చినవారు మన సంఘములలో ఉన్నారు. వారిలో ఎందరు ఆ సంగతి నేటివరకు నోరు విప్పి చెప్పినారు?

సంఘము చేయదగినది

ప్రియ పాఠకులారా, వెంటిలేటరు నడుపుట మన పని కాదు. మన పని వేరే ఉన్నది.

ఐ.సి.యు.లోనికి ఐదు నిమిషములు అనుమతించినప్పుడు, మొదట మన పేరు చెప్పవలెను. తరువాత రోగి పేరు పెట్టి పిలిచి, ఇది ఫలాని ఊరు, ఫలాని ఆసుపత్రి, ఈ దినము ఫలాని వారము, ఇప్పుడు ఉదయము అని చెప్పవలెను. "నోటిలో గొట్టము ఉన్నది గనుక మాట రాదు; తీసిన తరువాత వచ్చును" అని చెప్పవలెను. ఎందుకనగా తన గొంతు శాశ్వతముగా పోయినదని అనేకులు లోలోపల ఏడ్చుచుందురు. కండ్లద్దాలు, చెవి యంత్రము ఉన్నవారికి వాటిని ఇప్పింప సిబ్బందిని అడుగవలెను. ప్రార్థన రెండు మాటలలో ముగించి చేయి పట్టుకొనిన చాలును.

ఇల్లు చేరిన తరువాత మనము చేయు ఒక వాడుకనుగూర్చి మనవి చేయుదును. రోగి వచ్చిన వారములోనే కృతజ్ఞతా కూడిక పెట్టి, అతనిని కుర్చీలో కూర్చుండబెట్టి సాక్ష్యము చెప్పుమందుము. అతడు చెప్పును. సంఘమునకు ఏమి కావలెనో అది చెప్పును. రాత్రి మేల్కొని వణకుచుండును. కాని సాక్ష్యము చెప్పినవాడు భయపడుచున్నాననుట ఎట్లు? మన సంతోషమే అతని నోటికి రెండవ గొట్టమగును. కూడిక మానుకొనుమనుట లేదు. కృతజ్ఞత మనము చెప్పుదము, సాక్ష్యము అతనికి కుదిరిన దినమున అతడు చెప్పును. ఈలోగా మూడు నెలలు, ఆరు నెలలు, వారమునకు ఒక్కరు వెళ్ళి కూర్చుండి, అతడు చెప్పిన దానిని దిద్దక వినవలెను. రోగికి కాపున్న భార్యను, అప్పు చేసిన కొడుకును కూడ ప్రత్యేకముగా పలుకరింపవలెను. వారు కూడ గాయపడినవారే.

నెల దాటినను నిద్ర రాకపోయినను, జరిగినదే కన్నుల ఎదుట మరల మరల కనబడినను, ఆసుపత్రి పేరెత్తిన వణకి మందులకు కూడ పోకపోయినను, చచ్చిపోయినను బాగుండెడిదను మాట వచ్చినను, ఆలస్యము చేయక మానసిక వైద్యునివద్దకు తీసికొనిపోవలెను. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వము ఆరంభించిన టెలీ మానస్ సేవకు 14416 నంబరుపై ఉచితముగా ఫోను చేయవచ్చును, తెలుగులో మాటాడవచ్చును. దీనికి సిగ్గుపడనక్కరలేదు. కాలు విరిగిన కట్టు కట్టించుకొనుటకు ఎవరు సిగ్గుపడుదురు?

యోహాను సువార్తలో బేతనియ లాజరు వృత్తాంతమును మనము ఎన్నిసార్లు ప్రసంగించినాము! సమాధినుండి పిలిచి లేపుట ప్రభువు చేసిన కార్యము. అయితే లాజరు బయటికి వచ్చినప్పుడు కాళ్ళకు చేతులకు ప్రేతవస్త్రములు ఇంకను కట్టబడియే ఉన్నవి. ఆ కట్లు విప్పు పనిని ప్రభువు తాను చేయలేదు. చుట్టు నిలిచిన జనులకు అప్పగించినాడు. లేచిన మనిషి నడువవలెనన్న ఆ రెండవ పని కూడ జరుగవలెను.

మన సంఘములలో అట్లు లేచి వచ్చి, కట్లు విప్పువారికై ఎదురుచూచుచున్నవారి పేర్లు ప్రతి పాస్టరేటులో ఒక కాగితముపై వ్రాసికొనిన, పది పండ్రెండు పేర్లకు తక్కువ ఉండవు. ఆ కాగితముతోనే రెండవ శతాబ్దపు పరిచర్యను మొదలుపెట్టుదము.